నన్నారి గుట్ట మీద అరవై మంది

ముప్పై రెండేళ్ళు నేను జీవశాస్త్రం చెప్పాను. మదనపల్లెలో మొదలుపెట్టి, పుంగనూరు వైపు కొన్నేళ్ళు ఉండి, కుప్పంలో రిటైరయ్యాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచరమ్మలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. వాళ్ళకు కావలసిందేమిటో నాకు తెలుసు. ఇన్‌స్పెక్షన్‌కు ఏ రిజిస్టరు పైన పెట్టాలి, ఏ అధికారి ముందు ఎంతసేపు నిలబడాలి, లెసన్ ప్లాను చూడకుండా సంతకం పెట్టించుకోవడమెట్లా. అవన్నీ స్టాఫ్ రూములో వారం రోజులు కూర్చుంటే వచ్చేస్తాయి. నేను వాటి జోలికి పోను.

స్టాఫ్ రూములో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మనం చేసిన తప్పుకు చాలాసార్లు మనకు మార్కులు తగ్గవు. తప్పు మనది, శిక్ష ఇంకొకరిది. నాకు ఆ సంగతి ఒక యానాది కుటుంబం వల్ల తెలిసింది. అదే రాస్తున్నాను. స్కూలు పేరు, ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు చదివితే ఎలాగూ తెలుస్తుంది, తెలియనివాళ్ళకు అవసరం లేదు.

నేను చెప్పిన మొక్కలు

మొదట మదనపల్లెలో నా చదువు ఏపాటిదో చెప్పాలి. తొమ్మిదో తరగతి పిల్లలకు పైన్ చెట్టు గురించి చెప్పేదాన్ని. పైన్ చెట్టును నేను చూడలేదు. నాకు పాఠం చెప్పిన లెక్చరరు గారూ చూడలేదు. అయినా బోర్డు మీద దాని కాయను ఎంత బాగా గీసేదాన్నంటే, పక్క క్లాసు టీచర్లు కూడా వచ్చి చూసిపోయేవాళ్ళు. పిల్లలందరూ టమోటా తోటల నుంచి వచ్చేవాళ్ళు. టమోటా గురించి ప్రశ్న రాదు కాబట్టి నేను చెప్పలేదు, వాళ్ళు అడగలేదు.

ఒకరోజు రామసముద్రం దిక్కు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మనవడు మా స్కూల్లో చదువుతున్నాడట. తువ్వాలులో ఒక మొక్క చుట్టుకొచ్చి నా ముందు విప్పాడు.

"అమ్మా, నువ్వు సెట్ల పాఠం సెప్తావంట గదా. ఇది తిని మా మేకలు కింద పడిపోతాండాయి. ఏం సెట్టో సూసి సెప్పు తల్లీ."

నేను ఆకు తిప్పి చూశాను. ఈనెలు చూశాను. "ఇది ద్విదళబీజం" అన్నాను.

"అంటే ఇసమా?"

పుస్తకం చూసి రేపు చెప్తానన్నాను. ఆయన మర్నాడు వచ్చి గంట కొట్టేదాకా వరండాలో కూర్చున్నాడు. నేను క్లాసు తర్వాత క్లాసు ఉన్నట్టు నటించి తప్పించుకున్నాను. ఈ కథను స్టాఫ్ రూములో చెప్పి అందరినీ నవ్వించాను కూడా. ఆయన మేకలు ఏమయ్యాయో నేను కనుక్కోలేదు.

పదిహేను రోజుల్లో నివేదిక

తొంభైల మధ్యలో నాకు పుంగనూరు వైపు బదిలీ అయింది. అక్కడ మా హెడ్మాస్టరు చెంగల్రాయులు గారు. మంచి మనిషే. ఎవరినీ తిట్టడు, ఎవరి సెలవూ ఆపడు. ఆయనకున్న జబ్బులు రెండే. ఒకటి షుగరు, రెండోది సర్క్యులరు. పై నుంచి ఏ కాగితం వచ్చినా ముందు దానికి జవాబు రాసి, ఆ తర్వాత అందులో ఏం చెయ్యమన్నారో చదివేవాడు.

ఆ ఏడు చలికాలంలో ఒక కాగితం వచ్చింది. విద్యార్థులకు స్థానిక మొక్కల మీద అవగాహన కల్పించాలి, గిరిజనుల నివాస ప్రాంతానికి క్షేత్ర పర్యటనకు తీసుకుపోవాలి, పదిహేను రోజుల్లో ఫోటోలతో నివేదిక పంపాలి. అక్కడి మొక్కలతో చేసిన హెర్బేరియంను వైజ్ఞానిక ప్రదర్శనలో పెట్టాలి. హెర్బేరియం అంటే మొక్కను వేరుతో సహా తీసి, కాగితాల మధ్య నొక్కి, ఎండబెట్టి, అట్టకు అంటించి, కింద పేరు రాయడం. చచ్చిన మొక్కకు లాటిన్‌లో పేరు పెట్టే కార్యక్రమం అన్నమాట.

"గిరిజనులు యాడుండారమ్మా మనకు?" అన్నాడు హెడ్మాస్టరు గారు, కాగితం తిప్పుతూ. ఆయన ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు.

ఊరికి మూడు మైళ్ళ అవతల గుట్ట కింద యానాదుల కాలనీ ఉంది. పది పన్నెండు ఇళ్ళు. గుట్టలో కింది సగం వాళ్ళకు సర్కారు పట్టా ఇచ్చిన నేల. పై సగం అటవీ శాఖది. మధ్యలో ఒక హద్దురాయి. అక్కడి నుంచి పోలమ్మ అని ఒకామె మా స్కూలు గేటు దగ్గరికి సీతాఫలాలు, రేగుపళ్ళు తెచ్చి అమ్మేది. ఆమెకు యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. ఎండాకాలం రాగానే నన్నారి వేర్లు, అదే సుగంధిపాల వేర్లు, తెచ్చి షర్బతు అంగళ్ళకు వేసేది. ఆమెను అడిగాను, పిల్లలకు మొక్కలు చూపిస్తావా అని.

పోలమ్మ నా మొహం చూసి నవ్వింది. "మొక్కలు సూడాలంటే మా తావకు రావాల్నా? మీ బడి గోడెనకాలే పదైదు రకాలుండాయి."

"గోడ వెనకాల గిరిజనులు లేరు కదా పోలమ్మా. కాగితంలో అట్లా రాసుంది."

"అట్లయితే రాండి. రెండు మాటలు సెప్తా, ఇనుకోండి. నేను సూపించిందే ముట్టుకోవాల. రాయి దాటి పైకి పోబాకండి. ఆ పక్క గార్డు ఊరుకోడు. మేం కట్టెపుల్ల ఏరినా పట్టుకుంటాడు."

సరే సరే అన్నాను. బస్సులో టికెట్టు వెనక రాసిన నియమాలను మనం ఎంత శ్రద్ధగా చదువుతామో, నేనా మాటలను అంత శ్రద్ధగా విన్నాను.

గుట్ట మీద

సోమవారం పొద్దున తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లు, అరవై మంది పిల్లలు, నేను, హెడ్మాస్టరు గారు, బజారు నుంచి ఒక ఫోటోగ్రాఫరు బయల్దేరాం. కాలనీలోకి పోగానే హెడ్మాస్టరు గారు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి ప్రసంగం మొదలుపెట్టాడు. అడవి ప్రాణవాయువు ఇస్తుందని, చెట్లు నరకకూడదని, మొక్కలను బిడ్డల్లాగా చూసుకోవాలని. పిల్లలకు కాదు, యానాదులకు. పోలమ్మ భర్త మునెయ్య ముందు వరసలో గొంతుకూర్చుని, ప్రతి మాటకూ "సరే సామీ, అట్లే సామీ" అంటూ విన్నాడు. ఫోటో ఆ సమయంలోనే తీశారు. నివేదికలో దాని కింద "గిరిజనులకు అవగాహన కల్పిస్తున్న ప్రధానోపాధ్యాయులు" అని రాశాం. రాసింది నేనే.

ఆ తర్వాత పోలమ్మ పాఠం మొదలైంది. ఒక్క మాట లాటిన్ లేదు. దూసరి తీగ ఆకులు నీళ్ళలో పిసికి, ఒక ఆకు దొన్నెలో పోసి పక్కన పెట్టింది. కాసేపటికి ఆ నీళ్ళు గడ్డ కట్టాయి. పిల్లలు దొన్నె తలకిందులు చేసినా పడలేదు. తర్వాత తలా ఒక పొడపత్రి ఆకు ఇచ్చి బాగా నమలమంది.

"ఇప్పుడు మీ సంచుల్లో తీపుంటే తినండి సూద్దాం."

క్లాసు లీడరు నాగవేణి బెల్లం ముక్క నోట్లో వేసుకుని మొహం చిట్లించింది. "మేడం! మన్ను తిన్నట్టుండాది మేడం!"

అరవై మందీ మన్ను తిన్నట్టు ఉమ్ముతూ, నవ్వుతూ, మళ్ళీ నములుతూ ఉన్నారు. నేను పదిహేనేళ్ళు చెప్పిన పాఠాల్లో ఏ ఒక్కదానికీ పిల్లలు అట్లా ఎగరడం చూడలేదు. నాకు కొంచెం కడుపు మండిన మాట కూడా నిజం.

హెడ్మాస్టరు గారు మెల్లగా పోలమ్మ పక్కకు పోయి, "ఇది షుగరుకు పనిచేస్తాదంట గదా?" అని అడిగాడు. ఒక సంచి నిండా కోయించుకున్నాడు. నివేదికలో మాత్రం "గిరిజనుల్లో వైద్యానికి సంబంధించి మూఢనమ్మకాలు ఉన్నట్టు గమనించడమైనది" అని ఆయన చేత్తోనే ఒక వాక్యం చేర్చాడు.

ఆ సంచి పట్టుకుని తిరుగుతూ ఆయన ఒక తీగ దగ్గర ఆగాడు. బంగారు రంగు నూగుతో, మెత్తటి మఖమలు గుడ్డలాగా కాయలు వేలాడుతున్నాయి.

"సామీ, దాన్ని ముట్టుకోబాకండి! దూలగొండి అది!" అని పోలమ్మ కేకేసింది.

"నేను బి.ఎస్సీ. చదివినానమ్మా" అంటూ ఆయన రెండు చేతులా పట్టుకుని, వాసన చూశాడు.

తర్వాత జరిగింది వివరంగా రాస్తే పెద్దాయనకు అవమానం. చేతులు, మెడ, ముక్కు, చొక్కా లోపల అన్ని చోట్లా గీరుకుంటూ గంతులేశాడని చెప్తే చాలు. పిల్లలు నవ్వు ఆపుకోలేక నేల మీద పడ్డారు. పోలమ్మ, మునెయ్య ఆయనను చెరో చెయ్యీ పట్టుకుని బురద పూయడానికి వాగులోని చెలిమ దగ్గరికి తీసుకుపోయారు. పోతూ పోతూ పోలమ్మ వెనక్కి తిరిగి, "అమ్మా, నేనొచ్చేదాకా కూర్చోనుండండి" అంది.

కూర్చోలేదు. నేనిక్కడ నా గురించి రాయాలి.

హెర్బేరియంకు మొక్కలు కావాలి. మధ్యాహ్నానికి తిరిగి పోవాలి. పోలమ్మ పాఠంతో పిల్లలు నన్ను మరిచిపోయారు. నేను లేచి నిలబడి, "ఇప్పుడు తలా ఒక మొక్క తీసుకురండి. వేరు తెగకూడదు. అందరికంటే పెద్ద వేరుతో తెచ్చినవాళ్ళకు పదికి పది" అన్నాను.

ఎవడో మునెయ్య ఇంటి ముందున్న గడ్డపార తీసుకున్నాడు. ఇంకెవరో ఒక తీగ కింద తవ్వారు. లావుపాటి వేళ్ళలాంటి వేర్లు బయటపడ్డాయి, వాటితో పాటు షర్బతు వాసన. నన్నారి. ఆ వాసనకు అరవై మందీ ఆ వాలు మీద పడ్డారు. కట్టెలతో, రాళ్ళతో, స్కేళ్ళతో తవ్వారు. కింద అయిపోతే పైకి పోయారు. హద్దురాయి దాటారు. నేనూ వాళ్ళ వెనకాలే దాటాను. చేతిలో నోటుబుక్కు పట్టుకుని, వేర్లు కొలిచి, మార్కులు వేస్తూ, "ఇది సగంలో తెగింది, ఇంకోటి తీసుకురా" అంటూ. తెగినవన్నీ ఒక కుప్పగా పడేశారు.

పోలమ్మ వచ్చేసరికి అరగంట అయి ఉంటుంది. ఆమె అరుస్తుందేమో అనుకున్నాను. అరవలేదు. వాలు మీద గుంతలు చూసింది. ఆ కుప్ప దగ్గర కూర్చుని ఒక వేరు చేతిలోకి తీసుకుంది.

"తల్లేరు పెరికినారే అమ్మా" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. నన్నారికి నడిమధ్యన తల్లివేరు ఉంటుంది. వాళ్ళు దాన్ని ముట్టరు. పక్కనున్న పిల్లవేర్లు రెండో మూడో కోసుకుని మళ్ళీ మట్టి కప్పుతారు. రెండేళ్ళు ఆ తీగ జోలికి పోరు. ఏ తీగ ఏ ఏడు కోశారో ఆమెకు గుర్తు. కొన్ని తీగలు ఆమె అత్త కోసినవి. ఎండాకాలం నాలుగు నెలలు ఆ ఇళ్ళు తినేది ఆ వాలు మీదే.

హెడ్మాస్టరు గారు మెడ దాకా బురదతో అక్కడికి వచ్చాడు. "పోనీలేమ్మా, పిలకాయల సదువు కోసమే గదా" అన్నాడు.

పిల్లలు తలా ఒక మొక్క సంచిలో పెట్టుకుని వరసగా దిగారు. క్రమశిక్షణ చాలా బాగుంది.

నీడలోనే గదా

మంగళవారం గార్డు గుట్ట మీదికి పోయాడు. రాయికి పైన గుంతలు చూశాడు. కింద మునెయ్య తెగిపోయిన వేర్లలో పనికొచ్చేవి ఏరుకుంటున్నాడు. పక్కన గడ్డపార ఉంది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అటవీ భూమిలో అక్రమంగా వేర్లు తవ్వాడని రాసుకుని, గడ్డపార స్వాధీనం చేసుకుని, మునెయ్యను రేంజరు ఆఫీసుకు తీసుకుపోయాడు. కాగితాలు తయారయ్యేదాకా రోజూ పొద్దున వచ్చి, సాయంత్రం దాకా వరండాలో కూర్చోవాలన్నారు. సోమవారం కోర్టుకు పంపుతామన్నారు.

బుధవారం పోలమ్మ స్కూలుకు వచ్చింది. పళ్ళబుట్ట లేదు.

"టీచరమ్మా, నువ్వొచ్చి ఒక్క మాట సెప్పు. బడి పిలకాయలు తవ్వినారని సెప్పు. మా మాట వాళ్ళు ఇనరు. నీ మాట ఇంటారు."

హెడ్మాస్టరు గారి గదిలోకి పోయాను. ఆయన మెడ మీద ఇంకా ఎర్రగా చారలున్నాయి. నేను చెప్పింది అంతా విని, తలుపు వేయమన్నాడు.

"అమ్మా, సెప్పింది నువ్వు. తీసుకుపోయింది నేను. మనం నోరు తెరిస్తే కేసు మన మీదికొస్తాది. శనివారం ప్రదర్శన. ఆదివారం సెలవు. సోమవారం పొద్దున్నే పోయి మాట్లాడదాం."

"అంతదాకా ఆయన అక్కడే కూర్చోవాలి కదా సార్."

"జైల్లో ఏమన్నా ఉండాడా? వరండాలో కూర్చోనుండాడు. నీడలోనే గదా!"

నేను ఒప్పుకున్నాను. ఒత్తిడి చేశారనీ, భయపడ్డాననీ రాయొచ్చు. భయం కొంత ఉంది. కానీ దానికంటే పెద్ద కారణం ఇంకొకటి. అప్పటికి హెర్బేరియం చాలా అందంగా వచ్చింది. పాత హాజరుపట్టీల కింద నొక్కిపెట్టిన మొక్కలు ఒక్క ముడత లేకుండా ఎండుతున్నాయి. నాకు మొదటి బహుమతి కావాలి.

పోలమ్మకు "సోమవారం వస్తాను" అని చెప్పాను. ఆమె "సరేమ్మా" అని పోయింది. శనివారం దాకా నేను పిల్లలతో అట్టల మీద పేర్లు రాయించాను. మొక్క పేరు, శాస్త్రీయ నామం, సేకరించిన స్థలం, తేదీ, సేకరించిన విద్యార్థి పేరు. పద్ధతి ప్రకారం అన్నీ ఉండాలి కదా.

గురువారం నాగవేణి అట్టకు జిగురు రాస్తూ, తల ఎత్తకుండానే అడిగింది. "మేడం, పోలమ్మ వాళ్ళ ఆయన్ని యాల పట్టుకున్నారు? పెరికింది మనం గదా?"

"అది పెద్దవాళ్ళం చూసుకుంటాంలే. నువ్వు ముందు స్పెల్లింగు సరిచూడు" అన్నాను.

ముఖ్య అతిథి

ప్రదర్శనకు చాలా స్కూళ్ళు వచ్చాయి. ముఖ్య అతిథిగా ఎవరిని పిలిచారో మాకు అక్కడికి పోయేదాకా తెలియదు. ఆ ఏడు అంశం పర్యావరణం కాబట్టి నిర్వాహకులు అటవీ శాఖ రేంజరు గారిని పిలిచారు. మునెయ్యను వరండాలో కూర్చోబెట్టి ఆయన మొక్కల ప్రదర్శన చూడటానికి వచ్చాడు.

మా బల్ల దగ్గర ఆగి అట్టలన్నీ తిప్పి తిప్పి చూశాడు. నిజంగానే ముచ్చటపడ్డాడు. "వేరు ఒక్క పోగు కూడా తెగలేదే! మా డిపార్ట్‌మెంటు వాళ్ళు కూడా ఇంత బాగా తియ్యలేరు. ఏమమ్మా, ఇవి యాడ్నించి తెచ్చినారు?"

ఆ ప్రశ్న వేసింది నాగవేణిని. హెడ్మాస్టరు గారు "దగ్గర్లోనే సార్..." అని మొదలుపెట్టేలోపల ఆ పిల్ల అట్ట మీదున్నది చదవడం మొదలుపెట్టింది. గుట్ట పేరు, కాలనీ పేరు, సోమవారం తేదీ, చివరికి తన పేరు. చదివి ఆగలేదు.

"సార్, ఇది నేనే పెరికినాను. ఆ రాయికి పైన. మునెయ్య వాళ్ళింటి గడ్డపార మేమే తీసుకున్నాము, ఆయన అప్పుడు ఆడ లేడు. మీరు ఆయన్ని కూర్చోబెట్టినారంట. ఆయన పెరకలేదు సార్."

రేంజరు గారి చేతిలో అట్ట అట్లాగే ఉండిపోయింది. చుట్టూ ఉన్న టీచర్లు తమ తమ బల్లలు సర్దుకోవడం మొదలుపెట్టారు.

"చిన్నపిల్ల గదా సార్, స్టేజి భయం" అన్నాడు హెడ్మాస్టరు గారు.

ఆ పిల్ల ఏడవలేదు. నా వైపు చూసింది, అంతే. నేనింక తప్పించుకోలేకపోయాను. ధైర్యం వచ్చి మాట్లాడానని ఎవరికీ చెప్పను. పద్నాలుగేళ్ళ పిల్ల ముందు నిలబడితే వెనక దాక్కోవడానికి చోటు లేక మాట్లాడాను.

"ఆ పిల్ల చెప్పింది నిజం సార్. పెరకమన్నది నేను. హద్దురాయి సంగతి నాకు ముందే చెప్పారు. పిల్లల తప్పు లేదు, ఆ మనిషి తప్పూ లేదు. రాసిమ్మంటే రాసిస్తాను."

రేంజరు గారి మొహం మాడిపోయింది. "ఇంతమంది ముందర ఇప్పుడా సెప్పేది?" అన్నాడు. బుధవారమే చెప్పి ఉంటే ఆయనకు ఇంత ఇబ్బంది ఉండేది కాదు, నిజమే.

ఇంక నిర్వాహకులకు పెద్ద చిక్కొచ్చింది. అటవీ భూమిలో అక్రమంగా తవ్విన మొక్కలకు బహుమతి ఎట్లా ఇస్తారు? ఇవ్వకుండా ఎట్లా ఉంటారు, సర్టిఫికెట్టు అప్పటికే రాసేశారు. అరగంట తర్జనభర్జన పడి, రేంజరు గారికి అర్జంటు పని వచ్చిందని మైకులో చెప్పి, ఇంకొకరి చేత మాకు మొదటి బహుమతి ఇప్పించారు. హెడ్మాస్టరు గారు అందుకుని ఫోటోకు నిలబడ్డాడు.

నేను బహుమతి కోసం ఆగలేదు. బస్సెక్కి రేంజరు ఆఫీసుకు పోయి, జరిగింది మొత్తం రెండు పేజీలు రాసి సంతకం పెట్టి ఇచ్చాను. రేంజరు గారు సాయంత్రం వచ్చి చదివి నాకే తిరిగిచ్చారు.

"ఇది ఫైల్లో పెడితే మీ మీద రాయాల. మీ మీద రాస్తే నేను ఆ మొక్కల్ని పొగిడింది కూడా రాయాల. వద్దులేమ్మా. ఆయన్ని పంపించేస్తా, పోండి."

ఫైలు మూయాలంటే గుంతలకు ఒక కారణం కావాలి. గార్డు రాసింది తర్వాత తెలిసింది: "సదరు గుంతలు అడవిపందులు తవ్వినట్టుగా తేలినది." ఆ విధంగా ఒక హెడ్మాస్టరు, ఒక సైన్సు టీచరు, అరవై మంది విద్యార్థులు సర్కారు రికార్డుల్లో పందులమయ్యాం. నాకు తెలిసినంతలో ఆ ఫైలులో నిజానికి దగ్గరగా ఉన్న వాక్యం అదొక్కటే.

మునెయ్యను ఆ సాయంత్రమే, ఇంక రానక్కర్లేదని పంపించేశారు. గడ్డపార మాత్రం ఇవ్వలేదు. పందుల కేసులో గడ్డపార ఎందుకని అడిగితే, స్వాధీనం రిజిస్టరులో ఎక్కిందని, తీసేయడానికి పై ఆఫీసు అనుమతి కావాలని చెప్పారు.

పోలమ్మ క్లాసు

ఆదివారం కాలనీకి పోయాను, కొత్త గడ్డపార ఒకటి తీసుకుని. దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో కూర్చుకున్నాను. నేను చదువుకున్నదాన్నై ఉండి, నీ మాట వినకుండా, నీ ఇంటాయన్ను నాలుగు రోజులు... ఇట్లా చాలా బాగా వచ్చింది. పోలమ్మ పొయ్యి దగ్గర కూర్చుని మొదటి రెండు వాక్యాలు విన్నది.

"సాల్లేమ్మా. వానలు పడినాంక రా. పెరికినోళ్ళే నాటాల."

మునెయ్య గడ్డపార బరువు చూసి, "పాతదే మేలు" అని గోడకు ఆనించాడు.

మళ్ళీ పర్యటనకు హెడ్మాస్టరు గారు అనుమతి ఇవ్వలేదు. పర్యటన ఒకసారే అని కాగితంలో ఉందట. వానలు పడ్డాక ఆదివారాలు నేనే పోయాను. నాగవేణితో పాటు పది పన్నెండు మంది పిల్లలు ఇంట్లో చెప్పి వచ్చారు. అరవైలో పన్నెండు. ఆ లెక్క చూసి నేను నిరాశపడలేదు, ఎందుకంటే టీచర్లలో వచ్చింది నేనొక్కదాన్నే.

నాటడం అనుకున్నంత సులువు కాదు. నన్నారి గింజకు దూదిలాగా నూగు ఉంటుంది, గాలికి ఎగిరిపోతుంది. దాన్ని పట్టి, నీడలో మొలిపించి, రాళ్ళ సందున మట్టి ఎక్కడ లోతుగా ఉందో చూసి పెట్టాలి. నేను పుస్తకం ప్రకారం వరసగా, సమాన దూరంలో పెట్టించాను. పోలమ్మ వచ్చి చూసి నవ్వింది. "బడిలో కూర్చోబెట్టినట్టు పెట్టినావే. దానికి యాడ ఇష్టమో అడిగినావా?" ఆ ఏడు మేం పెట్టినవాటిలో బతికినవి రెండు చేతుల వేళ్ళకు మించవు. అన్నీ ఆమె చూపించిన చోట పెట్టినవే. నా వరసలో ఒక్కటీ బతకలేదు.

ఆ వానలకు ముందు ఎండాకాలంలోనే పోలమ్మ, మునెయ్య టమోటా కోతకు మదనపల్లె వైపు కూలికి పోయారు. అంతకు ముందు ఏ ఎండాకాలమూ వాళ్ళు ఇల్లు విడిచి పోలేదట. తాళం వేసిన ఆ తలుపు చూసిన రోజు, వైజ్ఞానిక ప్రదర్శన సర్టిఫికెట్టు మా స్కూల్లో హెడ్మాస్టరు గారి కుర్చీ వెనక అద్దంలో వేలాడుతోంది.

మూడేళ్ళు పోయాను. మూడో ఏడు వాలు మీద అక్కడక్కడా తీగలు లేచాయి. పోలమ్మ వాటి మధ్య నడుస్తుంటే వెనకాలే నడుస్తూ అడిగాను.

"అక్కా, వీటి వేర్లు కోసుకోవడానికి ఇంకా ఎన్నేళ్ళు పడుతుంది?"

"నా కూతురి బిడ్డ కోసుకుంటాదిలే."

ఉండబట్టలేక అడిగాను. "నామీద నీకు ఇంకా కోపం ఉందా?"

ఆమె వంగి ఒక తీగ మొదట్లో మట్టి సర్దుతోంది. "కోపం సంగతి యాల ఇప్పుడు? ఎండ ఎక్కతాండాది. ఆ బిందె ఇట్లా తే."

తెచ్చాను.

కుప్పంలో

రెండు వేల సంవత్సరం దాటాక కుప్పం వచ్చాను. అక్కడా గుట్టలున్నాయి, మొక్కలున్నాయి. పర్యటనలు మానలేదు. మొదట ఆ నేల మీద బతికేవాళ్ళను అడిగి, వాళ్ళు చెప్పింది కాగితం మీద రాసుకుని, పిల్లల చేత చదివించి, ఆ తర్వాతే గుట్ట ఎక్కేవాళ్ళం. ఎవరూ ఏదీ పెరకరు. కూర్చుని బొమ్మ గీయాలి. దాన్ని అక్కడివాళ్ళు ఏమంటారో, ఎందుకు వాడతారో, ఎంత తీసి ఎంత వదిలేస్తారో అడిగి రాయాలి. చెప్పినవాళ్ళ పేరు కింద రాయాలి. మాకు చెప్పినవాళ్ళ పేర్లలో చదువుకున్నవాళ్ళు తక్కువ.

కొత్త టీచర్లకు నేను చెప్పగలిగింది ఇంతే. మీకు తెలియకపోతే తెలియదని ఆ పూటే చెప్పండి. తప్పు మీదైతే సోమవారం దాకా ఆగకండి. మీ తప్పును మీకంటే ముందు పిల్లలు చెప్పేదాకా తెచ్చుకోకండి, అప్పటికి చాలా ఆలస్యమై ఉంటుంది. బహుమతి వస్తుందేమోనని మనసులో పడిందంటే మాత్రం ఆ రోజు సెలవు పెట్టండి.

రిటైరయ్యే ముందు ఏడు ఒక అధికారి మా ల్యాబు చూడటానికి వచ్చాడు. చిన్న వయసు, చేతిలో ఫారం, ఫారం నిండా గళ్ళు. హెర్బేరియం అన్న గడి దగ్గర ఆగి చూపించమన్నాడు. నేను పిల్లలు గీసిన బొమ్మల పుస్తకం ఇచ్చాను. పేజీలు తిప్పి, ఒక పిల్లను లేపి అడిగాడు.

"ఇవన్నీ బొమ్మలే గదా. అసలు మొక్కలేవి? వేర్లు యాడ?"

ఆ పిల్ల కాస్త భయపడి నా వైపు చూసి, మళ్ళీ ఆయన వైపు తిరిగింది.

"భూమిలో ఉండాయి సార్."

ఆయన ఫారంలో "నమూనాలు లేవు, అసంతృప్తికరం" అని రాసి, నన్ను సంతకం పెట్టమన్నాడు. పెట్టాను, పూర్తి పేరుతో.